ఒకే లైబ్రరీ, రెండు వెర్షన్లు: మావెన్, గ్రేడిల్ బిల్డ్‌లలో ఏ పరిష్కారం ఎవరికి?

డిపెండెన్సీ (మన కోడ్ ఆధారపడే లైబ్రరీ) వెర్షన్ల గొడవ గురించి వెతికితే ఎక్కువగా దొరికే సలహా ఒకటే: "ఫలానా దాన్ని ఎక్స్‌క్లూడ్ చేయండి." నాలుగు లైన్లు కాపీ చేస్తాం, ఎర్రర్ పోతుంది, టికెట్ క్లోజ్ అయిపోతుంది. నిజానికి ఈ గొడవ తీర్చడానికి అరడజను పైచిలుకు మార్గాలున్నాయి. ఈరోజు ఎర్రర్ పోగొట్టడంలో వాటి మధ్య పెద్ద తేడా లేదు. ఆరు నెలల తర్వాత ఫ్రేమ్‌వర్క్ అప్‌గ్రేడ్ చేసేటప్పుడో, సెక్యూరిటీ ప్యాచ్ హడావిడిగా వేయాల్సి వచ్చినప్పుడో, మీ లైబ్రరీని ఇంకో టీమ్ వాడటం మొదలుపెట్టినప్పుడో ఆ తేడా బయటపడుతుంది. కాబట్టి ఆ రోజును దృష్టిలో పెట్టుకునే మార్గాన్ని ఎంచుకోవాలి.

ఇక్కడ ప్రధానంగా జావా బిల్డ్ టూల్స్ అయిన మావెన్, గ్రేడిల్ గురించే మాట్లాడుకుందాం. ఎన్‌పీఎం, పిప్, కార్గో, గో వాడేవాళ్ల కోసం చివర్లో కొంచెం ఉంది.

## గొడవ ఎలా పుడుతుంది

ఈ చెట్టు చూడండి. స్టోరేజ్, రిపోర్ట్ అనే రెండు లైబ్రరీలను మన యాప్ నేరుగా అడిగింది. గ్వావా అనే జావా లైబ్రరీని మనం అడగలేదు. అది వాటి వెనకాల వచ్చింది, దీన్నే ట్రాన్సిటివ్‌గా రావడం అంటారు.

```
యాప్
 ├─ స్టోరేజ్
 │    └─ గ్వావా 11.0.2
 └─ రిపోర్ట్
      └─ ఎక్స్‌పోర్ట్
           └─ గ్వావా 20.0
```

మావెన్ "దగ్గరున్నదే గెలుస్తుంది" అంటుంది. యాప్ నుంచి రెండో మెట్టులో ఉన్న 11.0.2ను తీసుకుని, మూడో మెట్టులోని 20ను వదిలేస్తుంది. రెండూ ఒకే మెట్టులో ఉంటే పామ్ ఫైల్‌లో (మావెన్ బిల్డ్ ఫైల్) ముందు రాసినదానికి ఓటు. అంటే ఎవరో రెండు డిపెండెన్సీల వరుస అటూ ఇటూ మార్చినా వెర్షన్ మారిపోవచ్చు. గ్రేడిల్ లోతు చూడదు, "పెద్ద వెర్షన్ గెలుస్తుంది" అంటుంది. దాని జవాబు 20.

పెద్దదైతే మంచిదేగా అనిపిస్తుంది. కొంచెం దగ్గరగా చూద్దాం. ఎక్స్‌పోర్ట్ లైబ్రరీ స్టాప్‌వాచ్ క్లాస్‌లోని "క్రియేట్ స్టార్టెడ్" మెథడ్ వాడుతోంది అనుకోండి. అది గ్వావా 15లో వచ్చింది. స్టోరేజ్ పాతకాలపు పద్ధతిలో "న్యూ స్టాప్‌వాచ్" అని నేరుగా కన్‌స్ట్రక్టర్‌ను పిలుస్తోంది. గ్వావా 17 నుంచి ఆ కన్‌స్ట్రక్టర్ పబ్లిక్ కాదు. మావెన్ ఎంచుకున్న 11.0.2తో ఎక్స్‌పోర్ట్ పడిపోతుంది, నో సచ్ మెథడ్ ఎర్రర్. గ్రేడిల్ ఎంచుకున్న 20తో స్టోరేజ్ పడిపోతుంది, ఇల్లీగల్ యాక్సెస్ ఎర్రర్. ఇది ఊహాలోకపు సమస్య కాదు. పెద్ద డేటాను ప్రాసెస్ చేసే హడూప్ 2 చాలాకాలం గ్వావా 11.0.2 మీదే ఉండిపోయింది, దాని చుట్టూ పనిచేసిన చాలామందికి ఈ రెండు ఎర్రర్లూ బాగా పరిచయం.

రెండు సందర్భాల్లోనూ కంపైల్ శుభ్రంగా అవుతుంది. ఆ లైబ్రరీలు ఎప్పుడో ఎక్కడో కంపైల్ అయి వచ్చాయి, మీ కోడ్ గ్వావాను ముట్టుకోదు. ఆ మెథడ్ పిలుపు దాకా రన్ అయితే తప్ప ఎర్రర్ రాదు.

ఇంకో సంగతి ఉంది. గ్వావా 16.0.1లో కొత్త మెథడూ ఉంది, పాత కన్‌స్ట్రక్టరూ ఇంకా పబ్లిక్‌గానే ఉంది. రెండు లైబ్రరీలూ గ్వావా నుంచి వాడేది ఇంతే అయితే ఆ వెర్షన్‌తో రెండూ నడుస్తాయి. కానీ చెట్టులో ఎవరూ అడగలేదు కాబట్టి ఏ టూలూ దాన్ని ఎంచుకోదు. బిల్డ్ టూల్ వెర్షన్ నంబర్లు చూసి నియమం ప్రకారం ఒకటి తీస్తుంది, అంతే. జార్ (కంపైల్ అయిన లైబ్రరీ ఫైల్) తెరిచి లోపల ఏముందో చూడదు. ఆ పని మనదే.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మీరు రాసేది అప్లికేషనా, లైబ్రరీయా? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. అప్లికేషన్ చెట్టుకు వేరు లాంటిది, అక్కడ తీసుకున్న నిర్ణయమే చివరి మాట. లైబ్రరీలో తీసుకున్న నిర్ణయం మీకు తెలియని వందమంది బిల్డ్‌ల్లోకి వెళ్తుంది, లేదా అసలు వెళ్లకుండా మీ దగ్గరే ఆగిపోతుంది. రెండూ ఇబ్బందే.

అది కనీస హద్దా, బిగింపా? "2.17 కంటే తక్కువ వద్దు" అనడం వేరు, "2.17 మాత్రమే" అనడం వేరు. మొదటిది కాలంతో పాటు పైకి జరుగుతుంది. రెండోది మీరు వచ్చి విప్పేదాకా అక్కడే ఉంటుంది.

తప్పు ఎప్పుడు బయటపడుతుంది? బిల్డ్ ఆగిపోతే చిరాకు. ప్రొడక్షన్‌లో ఎప్పుడో ఒకసారి నడిచే కోడ్ దారిలో పడితే టెన్షన్. మొదటిదే నయం.

కారణం ఎక్కడ ఉంటుంది? బిల్డ్ ఫైల్‌లో ఒంటరిగా మిగిలిపోయిన వెర్షన్ నంబర్‌ను ఎవరూ ముట్టుకోరు, భయం. దాని పక్కన కారణం రాసే వీలున్న పద్ధతికి నా లెక్కలో ఎక్కువ మార్కులు.

## మార్గం 1: టూల్‌కే వదిలేసి, దాని నోరు విప్పించడం

చాలా చెట్లకు ఇది చాలు. ఒకే మేజర్ వెర్షన్ (మొదటి నంబర్) లోపల చిన్న తేడాలుంటే పెద్దదాన్ని తీసుకోవడం సాధారణంగా పనిచేస్తుంది, గ్రేడిల్ అదే చేస్తుంది. ఇబ్బందల్లా నిర్ణయం చడీచప్పుడు లేకుండా జరగడంలోనే ఉంది.

మావెన్‌లో ఇది మరీ ప్రమాదం. ఎందుకంటే అది చెప్పకుండా వెర్షన్ తగ్గించగలదు, పై చెట్టులో జరిగింది అదే. ఎన్‌ఫోర్సర్ ప్లగిన్‌లో దీనికి రెండు నియమాలున్నాయి. "డిపెండెన్సీ కన్వర్జెన్స్" ఎక్కడ రెండు వెర్షన్లు కనిపించినా బిల్డ్ ఆపేస్తుంది. వినడానికి బాగుంటుంది కానీ ఓ మోస్తరు పెద్ద ప్రాజెక్ట్‌లో ఆన్ చేస్తే ఎర్రర్ల వాన కురుస్తుంది, వారం తిరక్కుండా టీమ్‌లో ఎవరో ఒకరు ఆఫ్ చేస్తారు. "రిక్వైర్ అప్పర్ బౌండ్ డెప్స్" తెలివైనది: చివరికి ఎంచుకున్న వెర్షన్, ఎవరో అడిగినదానికంటే తక్కువగా ఉంటేనే ఆపుతుంది. మావెన్ వాడే ప్రతి ప్రాజెక్ట్‌కీ ఈ ఒక్క నియమం పెట్టుకోమని చెబుతాను. ఇక మిగతా మార్గాల్లో ఏది ఎంచుకున్నా దీని పైనే.

గ్రేడిల్‌లో "ఫెయిల్ ఆన్ వెర్షన్ కాన్‌ఫ్లిక్ట్" ఉంది. స్వభావంలో అది కన్వర్జెన్స్ లాంటిదే, ప్రతిదానికీ అరుస్తుంది. రోజూ ఆన్‌లో ఉంచే బదులు అనుమానం వచ్చినప్పుడు "డిపెండెన్సీ ఇన్‌సైట్" టాస్క్ నడపడం మేలు. ఒక లైబ్రరీ పేరు ఇస్తే అది ఏ వెర్షన్‌లో స్థిరపడిందో, ఎందుకో, ఎవరెవరు ఏమేం అడిగారో చెబుతుంది. మావెన్‌లో డిపెండెన్సీ ట్రీని వెర్బోస్ ఆప్షన్‌తో నడిపితే వదిలేసిన వెర్షన్లు కూడా కనిపిస్తాయి.

## మార్గం 2: నేరుగా డిక్లేర్ చేయడం

గ్వావాను మీ పామ్ ఫైల్‌లో మీరే రాసేస్తే అది మొదటి మెట్టుకు వస్తుంది, మావెన్ దాన్నే తీసుకుంటుంది. సులువు, ఎవరికైనా అర్థమవుతుంది. కానీ మీ కోడ్ వాడని లైబ్రరీ మీ సొంత డిపెండెన్సీగా నమోదవుతుంది. రేపు రిపోర్ట్ లైబ్రరీ గ్వావాను పూర్తిగా మానేసినా మీ దగ్గర మాత్రం అది మిగిలిపోతుంది. లైబ్రరీ రాసేవాళ్లయితే మీ వినియోగదారులందరికీ అనవసరంగా అంటగట్టినట్టే. మీ కోడ్ నిజంగా దాన్ని ఇంపోర్ట్ చేసుకుంటుంటే ఇదే సరైన పద్ధతి. లేకపోతే మార్గం 4 చూడండి.

## మార్గం 3: ఎక్స్‌క్లూడ్

అందరూ వాడేది, నేను అందరికంటే చివర్లో తీసేది. ఎక్స్‌క్లూజన్ "ఈ వెర్షన్ వద్దు" అనదు, "ఈ దారిలో ఈ లైబ్రరీయే వద్దు" అంటుంది. స్టోరేజ్ కింద గ్వావాను తీసేస్తే వేరే దారిలో ఇంకొకటి వస్తుందన్న నమ్మకం మీద బండి నడుస్తుంది. ఆ రెండో దారి మూసుకుపోయిన రోజున గ్వావాయే ఉండదు. పైగా ఒక దారిలో తీసేసినా మరో లైబ్రరీ ద్వారా అదే పాత వెర్షన్ మళ్లీ రావచ్చు, అప్పుడు అక్కడ ఇంకో ఎక్స్‌క్లూజన్. పామ్ ఫైల్‌లో ఇవి పేరుకుపోవడం చాలాచోట్ల కనిపించే దృశ్యమే.

దీనికి న్యాయమైన చోటు ఒకటుంది: ఒకే క్లాసులు వేర్వేరు పేర్ల జార్లలో వచ్చినప్పుడు. బౌన్సీ క్యాజిల్ ప్రొవైడర్ ఒకప్పుడు "జేడీకే15ఆన్" పేరుతో వచ్చేది, తర్వాత "జేడీకే18ఆన్" అయింది. పేరు మారడంతో మావెన్‌కూ గ్రేడిల్‌కూ ఇవి రెండు వేర్వేరు లైబ్రరీలు. వాటి కంటికి గొడవే లేదు, రెండూ క్లాస్‌పాత్‌లో (జావా క్లాసులు వెతికే జాబితా) పక్కపక్కనే కూర్చుంటాయి. లాగింగ్ బ్రిడ్జిలదీ ఇదే కథ. కామన్స్ లాగింగ్, దాని స్థానంలో వచ్చే ఎస్‌ఎల్‌ఎఫ్‌ఫోర్‌జే బ్రిడ్జ్ రెండింట్లోనూ అవే క్లాసులుంటాయి. ఇలాంటప్పుడు ఒకదాన్ని తీసేయడమే మందు. గ్రేడిల్‌లో అయితే ఈ రెండూ ఒకే "కేపబిలిటీ" ఇస్తాయని ప్రకటించి, ఏది కావాలో ఒకేచోట చెప్పవచ్చు. అది ఎక్స్‌క్లూడ్ కంటే శుభ్రమైన పని.

## మార్గం 4: కేంద్రంగా వెర్షన్లు చెప్పడం, బామ్ వాడటం

అసలు ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

మావెన్‌లో డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ సెక్షన్, గ్రేడిల్‌లో కన్‌స్ట్రెయింట్స్. రెండూ "ఈ లైబ్రరీ చెట్టులోకి వస్తే ఈ వెర్షన్‌లో రావాలి" అనే చెబుతాయి, రాకపోతే ఊరుకుంటాయి. మార్గం 2లోని అనవసరపు బరువు ఇక్కడ లేదు. చూడటానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. కానే కాదు.

మావెన్ డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ ఒక బిగింపు. ట్రాన్సిటివ్‌గా వచ్చే లైబ్రరీ ఎంత పెద్ద వెర్షన్ అడిగినా మీరు రాసిన నంబరే నెగ్గుతుంది, అవసరమైతే కిందికి కూడా లాగుతుంది. గ్రేడిల్ కన్‌స్ట్రెయింట్ మామూలుగా రాస్తే కనీస హద్దు. అది కూడా "పెద్దది గెలుస్తుంది" పోటీలో ఒక అభ్యర్థి మాత్రమే. ఇంకెవరైనా ఎక్కువ అడిగితే అదే వస్తుంది.

ఈ తేడా ఎంత దూరం పోతుందో 2021 డిసెంబరులో అందరికీ అనుభవమైంది. లాగ్‌ఫోర్‌జే అనే లాగింగ్ లైబ్రరీలో సెక్యూరిటీ లోపం బయటపడగానే అందరూ 2.15.0కు పరుగెత్తారు. ఆ నెల తిరగకముందే 2.16.0, 2.17.0, 2.17.1 వరుసగా వచ్చాయి, ఎందుకంటే ముందు ప్యాచ్‌లు సరిపోలేదు. మొదటి రోజున మావెన్‌లో 2.15.0 అని రాసి వేరే పనిలో పడిపోయిన ప్రాజెక్ట్‌ను ఊహించండి. ట్రాన్సిటివ్‌గా 2.17.1 తెచ్చే కొత్త లైబ్రరీ వచ్చి చేరినా ఆ లైన్ దాన్ని 2.15.0కే పట్టి ఉంచుతుంది. కాపాడటానికి రాసిన లైనే అడ్డుపడుతుంది. గ్రేడిల్‌లో కనీస హద్దుగా రాసినవాళ్లకు ఆ వెర్షన్ తనంతట తాను పైకి జరుగుతుంది. మావెన్‌లో కూడా ముందు చెప్పిన అప్పర్ బౌండ్ నియమం ఆన్‌లో ఉంటే బిల్డ్ ఆగి మీకు చెబుతుంది. అందుకే ఆ నియమం మీద అంత పట్టు.

బామ్ అంటే ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తాయని లైబ్రరీ తయారీదారులే చూసి ప్రకటించిన వెర్షన్ల పట్టిక. జాక్సన్ అనే జేసన్ లైబ్రరీలో కోర్, డేటాబైండ్, యానొటేషన్స్ అన్నీ ఒకే వరుసలో కదలాలి, ఒకటి ముందుకెళ్లి ఇంకొకటి వెనకపడితే రన్‌టైమ్‌లో తేలుతుంది. జాక్సన్ బామ్ ఇంపోర్ట్ చేస్తే ఆ బాధ తప్పుతుంది. మీ గొడవ ఒకే కుటుంబానికి చెందిన లైబ్రరీల మధ్యే అయితే ఇంకేమీ ఆలోచించకండి, బామ్ ఉందేమో చూడండి.

బామ్ వాడేటప్పుడు తగిలే ముళ్లు కొన్ని:

- మావెన్‌లో రెండు బామ్‌లు ఒకే లైబ్రరీకి వేర్వేరు వెర్షన్లు చెబితే, ముందు రాసిన బామ్ మాట చెల్లుతుంది. ఇక్కడ పెద్దదీ చిన్నదీ లెక్క లేదు, వరుసే లెక్క.
- స్ప్రింగ్ బూట్‌ను పేరెంట్‌గా పెట్టుకుంటే ఒక ప్రాపర్టీ మార్చి లైబ్రరీ వెర్షన్ మార్చుకోవచ్చు. దాన్నే బామ్‌గా ఇంపోర్ట్ చేసుకుంటే ఆ ప్రాపర్టీ పనిచేయదు, మీకు కావాల్సిన వెర్షన్‌ను ఇంపోర్ట్ కంటే పైన విడిగా రాయాలి. "ప్రాపర్టీ మార్చాను, ఏమీ మారలేదు" అని తలపట్టుకునే చాలామంది సమస్య ఇదే.
- గ్రేడిల్‌లో "ప్లాట్‌ఫామ్" అని బామ్ తెచ్చుకుంటే కనీస హద్దులు, "ఎన్‌ఫోర్స్‌డ్ ప్లాట్‌ఫామ్" అని తెచ్చుకుంటే బిగింపులు. రెండోదాన్ని లైబ్రరీల్లో వాడొద్దు, ఆ బిగింపు మీ వినియోగదారుల దాకా పాకుతుంది.
- గ్రేడిల్‌లో స్ప్రింగ్ వాళ్ల డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ ప్లగిన్ వాడుతుంటే, మీ బిల్డ్ మావెన్ లాగే బిగింపు పద్ధతిలో నడుస్తోంది. గ్రేడిల్ కాబట్టి పెద్ద వెర్షన్ వస్తుందిలే అనుకుంటే దెబ్బతింటారు.

గ్రేడిల్ కన్‌స్ట్రెయింట్‌లో ఇంకో సౌకర్యం, "బికాజ్" అని కారణం రాయడం. అది కామెంట్‌లా ఫైల్‌లోనే నిద్రపోదు, డిపెండెన్సీ ఇన్‌సైట్ నడిపినప్పుడు జవాబులో కనిపిస్తుంది. మావెన్‌లో ఎక్స్‌ఎంఎల్ కామెంటే గతి. అదైనా రాయండి.

## మార్గం 5: బలవంతంగా బిగించడం

గ్రేడిల్‌లో "ఫోర్స్", "స్ట్రిక్ట్‌లీ" ఇందుకున్నాయి. పెద్ద వెర్షన్ నిజంగా మీ కోడ్‌ను విరగ్గొడుతోంది, కిందికి దిగక తప్పదు అన్నప్పుడు ఇవి కావాలి. మన గ్వావా ఉదాహరణలో 16.0.1 దగ్గర ఆపాలంటే ఇదే దారి, ఎందుకంటే చెట్టులో 20 అడిగేవాళ్లు ఉన్నారు.

రెండింట్లో స్ట్రిక్ట్‌లీయే నయం. ఒక్క నంబరే కాకుండా పరిధి కూడా ఇవ్వొచ్చు. "15 నుంచి 17 లోపు, వీలైతే 16.0.1" అని చెప్పగలిగితే మీ ఉద్దేశం బిల్డ్ ఫైల్‌లోనే స్పష్టంగా ఉంటుంది, కొంచెం కదిలే చోటూ ఉంటుంది. ఇద్దరు పరస్పర విరుద్ధంగా స్ట్రిక్ట్‌లీ అంటే గ్రేడిల్ బిల్డ్ ఆపేస్తుంది. ఫోర్స్ మాత్రం ఎవరినీ అడగదు, ఎవరికీ చెప్పదు. స్ట్రిక్ట్‌లీ నియమం మీ లైబ్రరీతో పాటు పబ్లిష్ అవుతుందన్నది గుర్తుంచుకోవాలి. అప్లికేషన్‌లో పరవాలేదు, లైబ్రరీలో ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

## మార్గం 6: షేడింగ్

రెండు వెర్షన్లూ నిజంగా కావాలి, మధ్యే మార్గం లేదు. అప్పుడు ఒకదాని ప్యాకేజ్ పేరు మార్చి మీ జార్‌లోనే కలిపేసుకోవడం షేడింగ్. మావెన్‌లో షేడ్ ప్లగిన్, గ్రేడిల్‌లో షాడో ప్లగిన్. పేర్లు వేరైపోతాయి కాబట్టి రెండు గ్వావాలూ ఒకే క్లాస్‌పాత్‌లో గొడవ లేకుండా ఉంటాయి. హడూప్ 3.0 నుంచి షేడ్ చేసిన క్లయింట్ జార్లు వచ్చాయి. తన లోపలి లైబ్రరీలు వినియోగదారుల మీద పడకుండా పెద్ద ప్రాజెక్టులు ఎంచుకున్న దారి ఇది.

ఖర్చు తక్కువేం కాదు. జార్ ఉబ్బుతుంది. క్లాస్ పేరును స్ట్రింగ్‌గా రాసి రిఫ్లెక్షన్‌తో లోడ్ చేసే కోడ్ విరగొచ్చు. సర్వీస్ లోడర్ ఫైళ్లను విడిగా సరిచేయాలి, దానికి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం మర్చిపోతే కొన్ని ఇంప్లిమెంటేషన్లు మాయమవుతాయి. లోపల కలిపేసిన లైబ్రరీలో సెక్యూరిటీ లోపం బయటపడితే డిపెండెన్సీ చెట్టు మాత్రమే చూసే స్కానర్‌కు అది కనపడదు, కొత్త ప్యాచ్ వేసే బాధ్యతా పూర్తిగా మీదే. ఇంకో గట్టి పరిమితి: ఆ లైబ్రరీ టైపులు మీ పబ్లిక్ మెథడ్‌లలో పారామీటర్లుగానో రిటర్న్ టైపులుగానో బయటికి వస్తుంటే షేడింగ్ పనికిరాదు. పేరు మారిన ఇమ్యూటబుల్ లిస్ట్‌ను బయటివాళ్లు తమ ఇమ్యూటబుల్ లిస్ట్‌గా వాడుకోలేరు.

## మార్గం 7: వెనకబడ్డ లైబ్రరీని కదిలించడం

స్టోరేజ్ పాతబడింది కాబట్టే ఈ గొడవంతా. దాని కొత్త వెర్షన్ ఉందా? ఉంటే పై ఆరూ అక్కర్లేదు. విచిత్రమేమిటంటే చాలామంది ఈ ప్రశ్న చివర్లో అడుగుతారు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| మార్గం | హద్దా, బిగింపా | అప్లికేషన్‌కు | లైబ్రరీకి | తర్వాత వచ్చే చిక్కు |
|---|---|---|---|---|
| టూల్‌కే వదిలి, తనిఖీ పెట్టడం | టూల్‌ను బట్టి | మంచిది | మంచిది | మొదట్లో కొన్ని బిల్డ్‌లు ఆగుతాయి |
| నేరుగా డిక్లేర్ చేయడం | మావెన్‌లో బిగింపు, గ్రేడిల్‌లో హద్దు | పరవాలేదు | వాడుతుంటేనే | అవసరం తీరాక కూడా మిగిలిపోతుంది |
| ఎక్స్‌క్లూడ్ | రెండూ కాదు, తొలగింపు | పేరు మారిన జార్లకే | పేరు మారిన జార్లకే | లైబ్రరీయే లేకుండా పోవచ్చు |
| మేనేజ్‌మెంట్, కన్‌స్ట్రెయింట్స్, బామ్ | మావెన్‌లో బిగింపు, గ్రేడిల్‌లో హద్దు | మొదటి ఎంపిక | కనీస హద్దుగా అయితే సరే | మావెన్‌లో పాత నంబర్ పాతుకుపోతుంది |
| ఫోర్స్, స్ట్రిక్ట్‌లీ | బిగింపు | కారణం రాసి | వద్దు | అప్‌గ్రేడ్‌లను చప్పుడు లేకుండా అడ్డుకుంటుంది |
| షేడింగ్ | వర్తించదు | చాలా అరుదుగా | లోపలి వాడకానికి | ప్యాచ్‌ల బాధ్యత మీ మీద పడుతుంది |
| అప్‌గ్రేడ్ | వర్తించదు | ముందు ఇదే చూడండి | ముందు ఇదే చూడండి | కోడ్ కొంత మార్చాల్సి రావచ్చు |

పట్టికలో లాక్ ఫైల్ లేదేమని అడగొచ్చు. గ్రేడిల్ 4.8 నుంచి డిపెండెన్సీ లాకింగ్ ఉంది, మంచిదే. కానీ అది గొడవను పరిష్కరించదు, వచ్చిన జవాబును రేపు కూడా అలాగే ఉంచుతుంది. తప్పు జవాబు వస్తే తప్పునే గడ్డకట్టిస్తుంది. వెర్షన్ పరిధులు, "1.ప్లస్" లాంటి రాతలు ఉన్న బిల్డ్‌లకు అవసరం, మిగతావాళ్లకు ఐచ్ఛికం.

## మీరు ఎవరు?

ఒక సర్వీస్ నడిపే చిన్న టీమ్. ఫ్రేమ్‌వర్క్ బామ్ మీద నిలబడండి, దాని బయటి లైబ్రరీలకు మాత్రమే సొంత నంబర్లు పెట్టుకోండి. మావెన్ అయితే అప్పర్ బౌండ్ నియమం. ఫోర్స్ వాడాల్సి వస్తే పక్కన కారణంతో పాటు ఎప్పుడు తీసేయొచ్చో కూడా ఒక ముక్క రాయండి: "రిపోర్ట్ 4 వచ్చాక తీసేయాలి" అన్నట్టు.

పదుల మాడ్యూళ్లున్న పెద్ద ప్రాజెక్ట్. వెర్షన్ నంబర్ ఒకే ఒక్క చోట ఉండాలి. మావెన్‌లో అందరికీ ఒక పేరెంట్ పామ్ గానీ సొంత బామ్ గానీ. గ్రేడిల్‌లో సొంత ప్లాట్‌ఫామ్ మాడ్యూల్. వెర్షన్ క్యాటలాగ్ ఉందిగా అంటారు కొందరు. క్యాటలాగ్ కేవలం పేర్లూ నంబర్ల జాబితా, ట్రాన్సిటివ్‌గా వచ్చేవాటి మీద దానికి అధికారం లేదు. గొడవ తీర్చేది ప్లాట్‌ఫామే. రెండూ కలిపి వాడుకోవచ్చు.

పబ్లిక్ లైబ్రరీ రాసేవాళ్లు. మీ వినియోగదారుడి చెట్టులో మీరొక కొమ్మ మాత్రమే. మావెన్‌లో మీ డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ సెక్షన్ మీ బిల్డ్‌కే, దాని మీద ఆధారపడి "నా దగ్గర టెస్టులు పాసయ్యాయి" అనుకుంటే వినియోగదారుడి దగ్గర వేరే వెర్షన్ వస్తుంది. డిపెండెన్సీలు తగ్గించుకోవడమే మీకున్న అతి మంచి పరిష్కారం. రెండు చిన్న మెథడ్‌ల కోసం గ్వావాను లాక్కురావడం ఎందుకు? తప్పదంటే, అది మీ పబ్లిక్ టైపుల్లో కనపడకపోతే, షేడింగ్ ఆలోచించండి. కనీసం ఏ పాత వెర్షన్‌తో పనిచేస్తుందో, ఏ కొత్త వెర్షన్ దాకా చూశారో రెండు కొసల్లోనూ టెస్టులు నడపండి.

సెక్యూరిటీ ప్యాచ్ ఈ సాయంత్రానికే కావాలి అన్నవాళ్లు. గ్రేడిల్‌లో కన్‌స్ట్రెయింట్, మావెన్‌లో డిపెండెన్సీ మేనేజ్‌మెంట్. ఎక్స్‌క్లూడ్ జోలికి పోవద్దు. తర్వాత చెట్టును మళ్లీ ప్రింట్ చేసి చూడండి, బిల్డ్ ఫైల్‌లో రాసింది కాదు, చివరి ప్యాకేజీలో ఉన్న జార్ పేరే సాక్ష్యం.

## వేరే టూల్స్ వాడేవాళ్లకు

ఒక ప్రాసెస్‌లో ఒకే వెర్షన్ ఉండాలన్న షరతు అన్నిచోట్లా లేదు, దాన్ని బట్టి ఎంపిక మారుతుంది.

జావాస్క్రిప్ట్‌లో ఎన్‌పీఎం రెండు వెర్షన్లనూ వేర్వేరు ఫోల్డర్లలో ఉంచేస్తుంది, అందుకే అక్కడ గొడవ తక్కువ. ఒక్కటే ఉండాల్సిన లైబ్రరీలు రెండుసార్లు లోడ్ అవడం అక్కడి జబ్బు, పీర్ డిపెండెన్సీలు అందుకే పుట్టాయి. లోపలెక్కడో ఉన్నదాన్ని మార్చాలంటే ఎన్‌పీఎంలో "ఓవర్‌రైడ్స్", యార్న్‌లో "రిజల్యూషన్స్". రెండూ బిగింపులే, పైన ఫోర్స్ గురించి చెప్పినవన్నీ వర్తిస్తాయి.

పైథాన్‌లో ఒక ఎన్విరాన్‌మెంట్‌కు ఒకే వెర్షన్. పిప్ 20.3 నుంచి కొత్త రిజాల్వర్ వచ్చాక పొసగని చోట ఇన్‌స్టాల్ ఆగిపోతోంది. అంతకుముందు తప్పుడు కలయికనే ఇన్‌స్టాల్ చేసేసేది, కాబట్టి ఈ ఆగడం మంచికే. కన్‌స్ట్రెయింట్స్ ఫైల్ అక్కడ మార్గం 4కు సమానం.

రస్ట్‌లో కార్గో, పొసగే వెర్షన్లను ఒక్కటిగా కలిపి, పొసగని మేజర్లను పక్కపక్కనే ఉంచుతుంది. "కార్గో ట్రీ"ని డూప్లికేట్స్ ఆప్షన్‌తో చూస్తుండండి. రెండు మేజర్ల టైపులు ఎదురుపడినప్పుడు కంపైలరే ఆపుతుంది, జావా వాళ్లకు లేని అదృష్టం.

గో మాత్రం తిరగేసి ఆలోచించింది. ప్రతి మాడ్యూల్ "కనీసం ఇంత కావాలి" అని మాత్రమే చెబుతుంది, వాటిలో పెద్దది తీసుకుంటుంది, ప్రపంచంలో అంతకంటే కొత్తది ఉన్నా తనంతట తాను పోదు. రెండో మేజర్ నుంచి ఇంపోర్ట్ దారిలోనే నంబర్ ఉంటుంది కాబట్టి రెండు మేజర్లు కలిసి ఉండగలవు. "రీప్లేస్" లైన్ ప్రధాన మాడ్యూల్‌లో రాస్తేనే పనిచేస్తుంది. లైబ్రరీ రాసేవాళ్లు బిగించే అవకాశాన్ని ఆ టూలే తీసేసింది, నాకు అది నచ్చింది.

## మావెన్ నుంచి గ్రేడిల్‌కు మారుతుంటే

ఒక చివరి రకం పాఠకులు మిగిలారు. మావెన్ బిల్డ్‌ను గ్రేడిల్‌కు మార్చేటప్పుడు డిపెండెన్సీల జాబితాను అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసినా వచ్చే జార్లు ఒకటి కావు. దగ్గరున్నది పోయి పెద్దది వస్తుంది, బిగింపులు కనీస హద్దులవుతాయి. మారే ముందు మావెన్ రన్‌టైమ్ జార్ల జాబితాను ఒక ఫైల్‌లోకి తీసుకోండి. మారాక గ్రేడిల్ రన్‌టైమ్ క్లాస్‌పాత్ జాబితా ఇంకో ఫైల్‌లోకి. రెండింటినీ పేర్ల వరుసలో పెట్టి డిఫ్ చూడండి. తేడా వచ్చిన ప్రతి లైన్‌కూ డిపెండెన్సీ ఇన్‌సైట్ నడిపి, కొత్త వెర్షన్ ఉండనివ్వాలా, స్ట్రిక్ట్‌లీతో పాతదానికి దించాలా అని తేల్చుకోండి. మేజర్ నంబర్ మారిన లైన్లతో మొదలుపెట్టండి, ప్యాచ్ నంబర్ మాత్రమే మారినవి చివర్లో చూసుకోవచ్చు.